అర చుట్టు తేడా: నాలుగు ఇంప్లాంట్ల మీద కింది పళ్ల సెట్టు, రెండుసార్లు తీసిన కొలత

నోరు తెరిచి పడుకున్న పేషెంటు చెయ్యెత్తి ఆపమన్నాడు. నొప్పేమో అనుకుని డ్రైవర్ బయటికి తీశాను. "నొప్పేం లేదు డాక్టరమ్మా. ఆ వెనకాల స్క్రూ కూర్చోలా. నువ్వు లాగి కూర్చోబెడతన్నావు" అన్నాడు.

ఆయన నలభై ఏళ్లు నెల్లూరు ఆటోనగర్‌లో లేత్ మిషన్ మీద బతికిన మనిషి. ఇప్పటికీ రోజూ షెడ్డుకి పోయి కుర్రాళ్ల మీద అరుస్తుంటాడు. అందరూ మేస్త్రి అనే పిలుస్తారు, నేనూ అదే అలవాటు చేసుకున్నాను. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. ఇంప్లాంట్ (పన్ను వేరు బదులు దవడ ఎముకలో బిగించే స్క్రూ) కేసులు రాసేటప్పుడు అందరం ఆఖరి ఫోటో పెట్టి ముగిస్తాం. ఇందులో ఇంప్లాంట్లన్నిటినీ కలిపి పళ్లని మోసే మొదటి టైటానియం బార్ నా తప్పు వల్ల చెత్తబుట్టలోకి పోయింది, కాబట్టి అక్కడినుంచే చెప్తాను.

కేసు ఇది. 64 ఏళ్లు. షుగర్ ఉంది, మందులతో అదుపులోనే ఉంది. చిగుళ్ల జబ్బుతో పళ్లన్నీ పోయి తొమ్మిదేళ్లుగా పైనా కిందా కట్టుడు పళ్లు. పై సెట్టు బాగానే అంటుకుంటుంది. కింద ఎముక అరిగి చదునైపోయింది, సెట్టుకి పట్టు లేదు. ఆయన అసలు బాధ తిండి గురించి కాదు. లేత్ రొదలో కుర్రాడిని గట్టిగా కేకేస్తే కింది సెట్టు ఎగిరి బయటికొస్తోంది, వాళ్లు నవ్వుతున్నారు. ఒకసారి ఇనప రజనులో పడితే కడుక్కుని మళ్లీ పెట్టుకున్నాడట. కింద ముందు భాగంలో నాలుగు ఇంప్లాంట్లు పెట్టాం, ముందు రెండూ నిటారుగా, వెనక రెండూ నరాన్ని తప్పించడానికి వెనక్కి వాలుగా. పైన కొత్త కంప్లీట్ డెంచర్ (తీసి పెట్టుకునే పూర్తి పళ్ల సెట్టు), కింద స్క్రూలతో బిగించే సెట్టు, ఇదీ ప్లాన్. మాననివ్వడానికి నాలుగు నెలలు ఆగాం. ఆ నాలుగు నెలలూ పాత కింది సెట్టునే లోపల గీకి, మెత్తటి లైనర్ వేసి వాడించాను. సర్జరీ గురించి ఇంతకన్నా చెప్పేదేమీ లేదు, సాఫీగా జరిగింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. సొంత పన్ను చుట్టూ లిగమెంట్ అనే మెత్తటి పొర ఉంటుంది, నమిలినప్పుడు పన్ను 25 నుంచి 100 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతుల) దాకా కదులుతుంది. ఇంప్లాంట్ నేరుగా ఎముకకే అతుక్కుంటుంది, మహా అయితే 3 నుంచి 5 మైక్రాన్లు. అంటే మన కొలతలో చిన్న తేడా వస్తే పన్నయితే సర్దుకుంటుంది, ఇంప్లాంట్ సర్దుకోదు. ఆ ఒత్తిడి స్క్రూలోనో, బార్‌లోనో, పైనున్న పళ్లలోనో దాక్కుని ఉంటుంది. ఏదో ఒక రోజు స్క్రూ వదులైందని ఫోన్ వస్తుంది, ఇంకో రోజు విరిగిందని వస్తుంది.

ఇది నాకు తెలియక కాదు. మేలో మనవరాలి ఓణీల ఫంక్షన్ ఉంది, ఆ రోజుకి పళ్లు బిగించుకుని ఫోటో దిగాలని ఆయన పట్టు. నేనూ సరేనన్నాను. ఇంప్రెషన్ (నోటి అచ్చు) తీసే రోజు సాయంత్రం ఏడు దాటింది, ఆఖరి పేషెంటు. ఇంప్లాంట్ల స్థానాన్ని అచ్చులోకి పట్టే నాలుగు కోపింగులూ బిగించి, వాటి చుట్టూ ఫ్లాస్ దారం చుట్టి, ఒక కొస నుంచి ఇంకో కొస దాకా ఒకేసారి ప్యాటర్న్ రెజిన్ (గట్టిపడే ప్లాస్టిక్ ముద్ద) పూసి, గట్టిపడిందనిపించగానే, ఐదు నిమిషాలు కూడా అయ్యుండవు, ట్రే పెట్టేశాను. అచ్చులో పోసిన మోడల్ వచ్చాక, దాని మీద చేసిన జిగ్ అనే నమూనాని నోట్లో పెట్టి సరిచూసుకునే విజిట్‌ని కూడా ఎగ్గొట్టాను. మోడల్ నేరుగా ల్యాబ్‌కి పోయింది, బార్ మిల్లింగ్ అయి వచ్చింది.

మోడల్ మీద ఆ బార్ అద్దంలా కూర్చుంది. నోట్లో పెట్టి కుడి వెనక స్క్రూ ఒక్కటే బిగించి ఎడమ వెనక చూస్తే, చిగురు అంచు కింద ఉండటంతో కంటికి సరిగా అందలేదు. వేలితో నొక్కితే కదిలిందా లేదా అన్నట్టుంది. బాగానే ఉందిలే అని నాకు నేను చెప్పుకుని మిగతా స్క్రూలు ఎక్కిస్తుంటే ఆయన చెయ్యెత్తాడు.

"ఈ స్క్రూ పిచ్ ఎంత?" అని అడిగాడు. ఇన్నేళ్లలో ఏ పేషెంటూ నన్నడగని ప్రశ్న. సుమారు 0.3 మిల్లీమీటర్లు అని చెప్పాను. "అట్టయితే ఒక చుట్టుకి 0.3 కిందికి దిగుద్ది. ముందు మూడూ తగిలినాక పావు చుట్టులో బిర్రయినాయి. ఇది తగిలినాక కూడా తిరగతానే ఉంది, నాకు దవడలో తెలస్తంది. ముక్కాలు చుట్టు తిప్పుంటావు. లెక్కేసుకో." లెక్కేశాను. 0.2 మిల్లీమీటర్లు దాటింది, అంటే 200 మైక్రాన్ల పైమాటే.

మన పుస్తకాల్లో ఉన్నదీ ఇదే. స్క్రూకి మొదటి అడ్డు తగిలాక పూర్తిగా బిగియడానికి అర చుట్టు మించి పట్టకూడదంటారు. పిచ్ 0.3 అయితే అర చుట్టు 150 మైక్రాన్లు. అంతకన్నా తిరిగితే స్క్రూ బిగియడం లేదు, బార్‌ని వంచుతోంది. నాకు ఇది పరీక్షల కోసం బట్టీ పట్టిన వాక్యం. ఆయనకి చేతిలో ఉన్న విద్య.

స్క్రూలన్నీ తీసి, కుడి వెనకది మాత్రం బిగించి, ట్యూబ్‌ని సరిగ్గా లంబంగా పెట్టి ఎడమ వెనక ఎక్స్‌రే తీశాను. సన్నటి నల్లగీత కనిపించింది. ఇక్కడో మాట: ట్యూబ్ కాస్త పైకో కిందికో వాలితే ఆ గీత మాయమవుతుంది, ఫిట్ బ్రహ్మాండం అనిపిస్తుంది. అలాగే నాలుగు స్క్రూలూ బిగించి ఎక్స్‌రే తీస్తే ఎంత వంకర బార్ అయినా కూర్చున్నట్టే కనబడుతుంది. ఒక కొస మాత్రమే బిగించాలి, రెండో కొస చూడాలి.

మోడల్ మీద బార్‌ని ఆయన చేతికిచ్చాను. నాలుగు వైపులా తిప్పి చూసి, "అచ్చు మీద కూర్చుంది, నోట్లో కూర్చోలా. అంటే సెట్టు చేసినోడి తప్పు కాదు తల్లీ, అచ్చుదే తప్పు" అన్నాడు. ల్యాబ్ వాళ్లకి ఫోన్ చేసి గొడవ పడదామని అప్పటికే ఫోన్ చేతిలోకి తీసుకున్నాను. మళ్లీ జేబులో పెట్టుకున్నాను. ఆ బార్ ఖర్చు నేనే పెట్టుకున్నాను. ఓణీల ఫంక్షన్‌కి ఆయన పాత సెట్టుతోనే పోయాడు.

తేడా ఎక్కడొచ్చిందో వెతకడం కష్టమేం కాలేదు. ప్యాటర్న్ రెజిన్ గట్టిపడేటప్పుడు ముడుచుకుంటుంది, 24 గంటల్లో ఘనపరిమాణంలో సుమారు 6.5 నుంచి 7.9 శాతం. అందులో 80 శాతం దాకా మొదటి 17 నిమిషాల్లోనే. నేను ఒకేసారి పొడుగ్గా పూసి, సరిగ్గా అది ముడుచుకుంటున్న సమయంలోనే ఇంప్రెషన్ తీశాను. నోట్లో ఉన్నంతసేపూ కోపింగులని ఇంప్లాంట్లు పట్టుకుని ఉన్నాయి. స్క్రూలు విప్పగానే రెజిన్ తనలో దాచుకున్న లాగుడంతా వదిలి కొసల్ని దగ్గరికి లాక్కుంది.

రెండోసారి చేసిన పని ఇది. పాత మోడల్‌ని పారేయలేదు, అది తప్పే అయినా దగ్గర దగ్గరగా ఉంది కదా, దాని మీదే కోపింగులు బిగించి, దారం చుట్టి, రెజిన్ పూసి రాత్రంతా వదిలేశాను. ముడుచుకోవాల్సిందంతా అక్కడే ముడుచుకుంది. పొద్దున పలచటి డిస్క్‌తో కోపింగుకీ కోపింగుకీ మధ్య కోశాను, గీతలాంటి సందు మాత్రమే మిగిలేలా. ముక్కల మీద పెన్సిల్‌తో 1 నుంచి 4 దాకా నంబర్లు వేశాను, ఎందుకంటే అవి కలిసిపోతే ఆ రోజు పనంతా దండగ. మధ్యాహ్నం ఆయన వచ్చాక ముందు ఇంప్లాంట్ల మీద కూర్చునే అబట్‌మెంట్లన్నీ కంపెనీ చెప్పిన టార్క్‌కి (బిగింపు బలానికి) మళ్లీ బిగించి, ముక్కలు నోట్లో ఎక్కించి, నాలుగింటికీ ఎక్స్‌రే తీసి, సందుల్లో బ్రష్ కొనతో ఆవగింజంత రెజిన్ పెట్టాను. రెజిన్ తక్కువైతే ముడుచుకోవడమూ తక్కువే. తర్వాత గడియారం చూసుకుని ఇరవై నిమిషాలు ఏమీ చేయకుండా కూర్చున్నాను. ఏసీ ఉన్నా బయట నెల్లూరు ఎండ, ఇంకో ఇద్దరు పేషెంట్లు బెంచీ మీద గునుస్తున్నారు. కూర్చున్నాను.

ట్రే ఆయన నోటికే చేసింది, స్క్రూలు పైకి వచ్చేలా నాలుగు కన్నాలు పెట్టి, వాటిని పలచటి మైనంతో మూశాం. అడెసివ్ ముందే రాసి పదిహేను నిమిషాలు ఆరనిచ్చాం. మెటీరియల్ పాలీఈథర్, గట్టిపడ్డాక బిర్రుగా ఉంటుంది, కోపింగు అందులో తిరగదు. సిలికాన్ వాడేవాళ్లు లేటెక్స్ గ్లోవ్స్‌తో పుట్టీ కలపకండి, గ్లోవ్స్‌లో గంధకం ఉంటుంది, కొన్ని చోట్ల అసలు గట్టిపడదు. ట్రే నొక్కాక నాలుగు స్క్రూ తలలూ మైనం చీల్చుకుని పైకి కనబడాలి. మూడే కనబడితే ట్రే సరిగా దిగనట్టే.

గట్టిపడ్డాక స్క్రూలు ఒక్కొక్కటే విప్పి, పైకి లాగి, నిజంగా వదిలిందని చూసుకున్నాకే ట్రే తీయాలి. పీజీలో ఉండగా నాలుగో స్క్రూ విప్పడం మరిచిపోయి ట్రే లాగాను, పేషెంటు తల కూడా కుర్చీలోంచి లేచింది. అది మరిచిపోవడానికి వీల్లేని సంగతి.

చాలామంది జాగ్రత్తగా ఇంప్రెషన్ తీసి పాడుచేసుకునేది ఆ తర్వాతి నిమిషంలో, అనలాగ్ (మోడల్‌లో ఇంప్లాంట్‌కి బదులుండే ముక్క) బిగించేటప్పుడు. స్క్రూ తిప్పే ఊపులో కోపింగు కూడా మెటీరియల్‌లో వీసమెత్తు తిరుగుతుంది. కంటికి కనపడదు. ఎడమ చేత్తో అనలాగ్‌ని ఆర్టరీ ఫోర్సెప్స్‌తో బిర్రుగా పట్టుకుని, రెండు వేళ్లతో మాత్రమే డ్రైవర్ తిప్పాలి. మేస్త్రి కుర్చీలోంచి మెడ చాచి చూస్తూ, "ఒక పానా పట్టుకోవాల, ఇంకో పానా తిప్పాల. అదే కదా" అన్నాడు. అదే.

మోడల్ గంటన్నర ఆగి, తక్కువ వ్యాకోచం ఉండే స్టోన్ ప్లాస్టర్‌తో, చుట్టూ గమ్ మాస్క్ (చిగురులాంటి మెత్తటి అంచు) పెట్టి పోశాం. ఈసారి బార్ మాట ఎత్తకుండా జిగ్ చేశాను. రెజిన్ జిగ్ చేసేవాళ్లున్నారు, నేను ఇంప్రెషన్ ప్లాస్టర్‌తో చేశాను. మోడల్ మీద సిలిండర్లు బిగించి వాటిని ప్లాస్టర్‌తో కలిపి, దాన్ని విప్పి నోట్లో బిగించాలి. తేడా ఉంటే ప్లాస్టర్ వంగదు, పటుక్కున పగులుతుంది. ఆయనకి చూపిస్తే, "బీడు లాగన్నమాట. వంగి మోసం చెయ్యదు" అన్నాడు. నాలుగు స్క్రూలూ వేళ్లతో బిగించాను. ఇద్దరం ఆ చప్పుడు కోసమే చెవులు రిక్కించి ఉన్నాం. పగల్లేదు. వెనక స్క్రూ ఎంత తిరిగిందని చేత్తో సైగ చేసి అడిగాడు, పావు చుట్టు అన్నాను.

ఇక బైట్, అంటే పై దవడ మీద కింది దవడ ఎక్కడ మూసుకుంటుందో రికార్డు చేయడం. ఇక్కడా మొదటిసారి తప్పే జరిగింది, కాకపోతే బార్ గొడవలో పడి అది ముందు బయటపడలేదు. పళ్ల చోట పెట్టే మైనం రిమ్ముల (కట్టల) మీద బైట్ తీసి మధ్యాహ్నం బస్సు పార్సిల్‌లో చెన్నై ల్యాబ్‌కి పంపించాను. నూట డెబ్భై కిలోమీటర్ల పైన దూరం, మే నెల, రేకు డిక్కీ. మైనానికి అంత వేడి చాలు. పళ్లు పేర్చి తెప్పించుకున్న ట్రయల్‌లో ఎడమ వైపు తగిలి కుడి వైపు కాగితం మందాన లేచి ఉంది. ఎండ ఒక్కటే కారణమైతే బాధ లేదు, ఆయన అలవాటు ఇంకో కారణం. తొమ్మిదేళ్లుగా అరిగిన సెట్టుతో దవడ ఎక్కువగా మూసుకుపోయి, ముందుకు జరిపి నమలడం నేర్చుకున్నాడు. మూసుకోండి అంటే గడ్డం ముందుకొస్తుంది. నేను దాన్నే రికార్డు చేశాను.

ఈసారి ముందు ఎత్తు. ముక్కు కొన మీద ఒక చుక్క, గడ్డం మీద ఒక చుక్క. నేను ప్లాస్టిక్ స్కేలు తీస్తే ఆయన ముఖం అదోలా పెట్టి, "స్కేలుతో కొలస్తారా తల్లీ?" అని జేబులోంచి వెర్నియర్ తీశాడు. నిజంగానే జేబులో ఉంది. తుడిచి వాడాను. "అమ్మ" అనిపించి పెదాలు వదులుగా ఉన్నప్పుడు 71, పాత సెట్టు మూసినప్పుడు 61. రెండిటికీ తేడా 2 నుంచి 4 మిల్లీమీటర్లు ఉండాలి, ఈయనకి 10. అందుకే గడ్డం ముడతపడి, పెదాల మూలలు ఎప్పుడూ పాసిపోయి ఉంటాయి. ఒకేసారి 7 మిల్లీమీటర్లు లేపితే కండరాలు ఒప్పుకోవు. పాత కింది సెట్టు మీదే ముందు 4 లేపి మూడు వారాలు, తర్వాత మిగతా 3 లేపి ఇంకో రెండు వారాలు వాడించాను. నొప్పి లేదు, నిద్ర బాగుంది, మూలల పాసినతనం తగ్గింది. అప్పుడు నమ్మాను.

మాట కూడా చూడాలి. సకారం పలికినప్పుడు పైపళ్లూ కిందిపళ్లూ దగ్గరికొచ్చి తగలకుండా ఆగాలి. ఇంగ్లీషు పుస్తకాల్లోలా ఇంగ్లీషు అంకెలు పలికించడం మనవాళ్లకి పనికిరాదు. నేను "సోమశిల, సంగం, సూళ్లూరుపేట" అనిపిస్తాను. పళ్లు టకటకలాడితే ఎత్తు ఎక్కువైనట్టు. ఆయనకి సూళ్లూరుపేట దగ్గర ఒక్కసారి టక్కుమంది, రిమ్ము మీద అర మిల్లీమీటరు దించాను.

దవడ స్థానం రికార్డు చేయడానికి కింది బేస్‌ని (రికార్డు సామాను మోసే పలకని) చిగురు మీద ఆనించలేదు. ముందు రెండు ఇంప్లాంట్లకి సిలిండర్లతో స్క్రూ చేశాను. ఇంప్లాంట్లు ఉన్నా మామూలు డెంచర్‌లాగే జారే బేస్ మీద బైట్ తీసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు, చేతిలో ఉన్న ఆధారాన్ని ఎందుకు వదులుకుంటారో నాకర్థం కాదు. కింద రేకు, పైన మధ్యలో పిన్ను పెట్టి, దవడ కదలికని బాణం మొనలా చూపే గోథిక్ ఆర్చ్ గీయించాను. వెనక్కి, ముందుకు, కుడికి, ఎడమకి. మొదటి గీతల్లో బాణం మొన రెండుగా వచ్చింది, ఒకటి నిజమైంది, ఇంకోటి తొమ్మిదేళ్ల అలవాటు. మధ్య రెండు మిల్లీమీటర్ల దూరం. పది నిమిషాలు ముందు పళ్ల చోట దూది చుట్టలు కరిపించి, నాలుక మొన అంగిలి వెనక్కి ఆనించి మూయించడం అభ్యాసం చేయించి మళ్లీ గీయిస్తే మొన ఒక్కటే వచ్చింది, పదునుగా. రేకు తీసి చూపిస్తే, "ఇక్కడ సెంటర్ పంచ్ కొట్టచ్చు" అన్నాడు. అక్కడే చిల్లు ప్లేటు అంటించి, పిన్ను అందులో దిగాక రెండు వైపులా బైట్ సిలికాన్ ఎక్కించాను. మైనం జోలికి పోలేదు.

ఒక్క రికార్డుతో ఆగలేదు, మూడు తీశాను. ఫేస్‌బో (పై దవడ స్థానం పట్టే పరికరం) సాయంతో పై మోడల్‌ని ఆర్టిక్యులేటర్ అనే దవడలా కదిలే యంత్రంలో ఎక్కించి, ఒక రికార్డుతో కింది మోడల్ అంటించాక, మిగతా రెండిటినీ పెట్టి చూస్తే ఒకటి సరిగ్గా సరిపోయింది, మూడోది వెంట్రుకవాసి తప్పింది. మూడోదాన్ని పారేశాను. ఆర్టిక్యులేటర్ మీద మౌంట్ చేసిన మోడళ్లని ఈసారి పార్సిల్ వేయకుండా నేనే కారులో తీసుకెళ్లాను. కొంచెం ఎక్కువ చేశానేమో కూడా.

తర్వాతి పనంతా త్వరగా అయిపోయింది. కొత్త బార్ వచ్చింది, ఒక్క స్క్రూ పరీక్షలో ఎక్స్‌రేలో గీత లేదు, నాలుగు స్క్రూలూ తగిలాక పావు చుట్టుకి అటూ ఇటూగా ఆగాయి. పళ్ల ట్రయల్‌లో రెండు వైపులా కాగితం ఒకేలా పట్టింది. ఫైనల్ రోజు స్క్రూలు 15 న్యూటన్ సెంటీమీటర్లకి బిగించి, కన్నాల్లో టెఫ్లాన్ టేపు కూరి పైన కాంపోజిట్ వేశాం. "ఇది పైపుల టేపు కాదూ?" అన్నాడు. అదే అన్నాను, కాకపోతే మేం ఆటోక్లేవ్‌లో పెడతాం.

స్కానర్‌తో చేయకూడదా అని తోటి డాక్టర్లు అడిగారు. నా దగ్గరున్న నోటి స్కానర్ రెండు మూడు పళ్లకి బాగానే పని చేస్తుంది. పళ్లే లేని దవడలో గుర్తులు తక్కువ, ఒక కొస నుంచి రెండో కొసకి పోయేసరికి చిన్న చిన్న తప్పులు పేరుకుంటాయి. ఫోటోగ్రామెట్రీ కెమెరా (ఫోటోల నుంచి ఇంప్లాంట్ల స్థానాలు లెక్కగట్టేది) ఉన్నవాళ్ల సంగతి వేరు, వాళ్లకి ఇంత తతంగం అక్కర్లేదు. కానీ ఏ దారిన పోయినా బార్ చేసే ముందు నోట్లో జిగ్ పెట్టి చూడడం మాత్రం నేను మానను.

ఆరు నెలల రివ్యూకి సెట్టు విప్పి శుభ్రం చేశాను. కింద అంతా బాగుంది, ఏ స్క్రూ వదులు కాలేదు. పై సెట్టు ముందు భాగంలో మాత్రం చిగురు కాస్త మెత్తబడినట్టుంది. కింద బలం వచ్చాక ముందు పళ్లతో ఎక్కువ కొరుకుతున్నాడు. జామకాయలట. పై సెట్టు రీలైన్ చేసి (లోపల కొత్త పొర వేసి), ముందు పళ్లకి తగిలే చోట కాస్త దించి, మూడు నెలల్లో మళ్లీ రమ్మన్నాను. కింది సెట్టు బిగిస్తుంటే ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, నేను డ్రైవర్ తిప్పిన ప్రతిసారీ బొటనవేలు పావు వంతు తిప్పుతూ లెక్కపెట్టుకుంటున్నాడు.